ఏటవాలు వెలుగులో అరిగిన కాసు

నూజివీటి తోటలలో వైశాఖమాసమున కాయ బేరమాడుటకు వచ్చు దలారి, బుట్టలోని రసము కాయను చేతికి తీసికొన్నప్పుడు మొట్టమొదట చూచునది దాని రంగు కాదు. తొడిమ చుట్టునున్న పల్లమును బొటనవ్రేలితో తడిమి, భుజములు నిండినవో లేదో తెలిసికొని, ఆ తరువాత కాయను ఎండకు ఏటవాలుగ త్రిప్పి, తొక్క మీది సన్నని చుక్కలను ఒక్క క్షణము పరికించి, "ఇంకో వారం ఆగాలి బాబాయ్, ఇప్పుడు కోస్తే సరిగా మాగదు" అని తీర్పు చెప్పును. ఆ ఏటవాలుగ త్రిప్పుటలో ఈ అధ్యాయమునకు కావలసిన శాస్త్రము సగము ఇమిడియున్నది.

కాయ మంచిదనుటకు మనము "నాణ్యమైనది" అందుము; నాణ్యమనగా మొదట నాణెమే. శరాబు ఒరగల్లు మీద గీచి, గోటితో మీటి, చెవి దగ్గర మ్రోగించి నమ్మిన రూకకు గల గుణమును తెలుగువాడు మామిడికాయకును, పట్టుచీరకును, అప్పుడప్పుడు మనుష్యునకును గూడ అంటగట్టినాడు. నాణెమును చదువుట మనకు క్రొత్త విద్య కాదు. యంత్రముచేత చదివించుటయే క్రొత్త.

నాకు ఈ విద్యయందు ఆసక్తి పుట్టించినది మా నాయనమ్మ పూజపెట్టెలోని ఒక రాగి బిళ్ల. లక్ష్మీదేవి పటము ముందర, కుంకుమభరిణ ప్రక్కన, తమలపాకులో అది ఎల్లప్పుడును కూర్చుండియుండెడిది. బొమ్మవైపు ఏదో డాలువంటి ఆకారపు నీడ. బొరుసువైపు పారసీ వ్రాతయొక్క రెండు మూడు వంపులు, వాని క్రింద రెండు వాలుగీతలు ఒకదానినొకటి ఖండించిన గురుతు. మిగిలినది చాలవరకు నీళ్లలో నానిన సబ్బుబిళ్లవలె నున్నగ అరిగిపోయినది. "మా అత్తగారి నాటి డబ్బురా అది, ఖర్చుపెట్టకూడదు" అని మాత్రమే ఆమె చెప్పెడిది. ఆ మాటలో ఆమె ఎరుగని ఒక నిజము కలదు. ఆ బిళ్ల విలువ ఇరవై కాసులు. ఉత్తర సర్కారులలో ఇరవై కాసుల రాగి నాణెమునకు పేరే "డబ్బు". నేడు మనము బ్యాంకులో దాచుకొనుదానికి, పెండ్లిలో కట్నముగ అడుగుదానికి, లేకపోయిన ఏడ్చుదానికి పేరిచ్చినది ఆ రాగి ముక్కయే.

ఇట్టి కాసులు ఇంగ్లండులో బర్మింగ్‌హాము చెంత సోహో అనుచోట, మాథ్యూ బౌల్టన్ నెలకొల్పిన ఆవిరియంత్రపు టంకశాలలో ముద్రితములై, ఓడలమీద చెన్నపట్టణమునకు వచ్చినవి. వానిమీద ఈస్టిండియా కంపెనీవారి చిహ్నము, పారసీలో "బీస్త్ కాస్ చహార్ ఫలూస్ అస్త్", అనగా "ఇరవై కాసులు నాలుగు ఫలూసులు" అను వాక్యము, రోమను లిపిలో ఇరవై అంకె ఉండును. ఇవి 1803లో ఒకమారు, 1808లో మరియొకమారు అచ్చయినవి. మా నాయనమ్మ బిళ్లమీద "180" వరకు కష్టముమీద పోల్చుకొనవచ్చును. కడపటి అంకె మూడో ఎనిమిదో తెలియదు. ఈ చిన్న సందేహము తీర్చుకొనబోయి నేను నేర్చుకొన్న సంగతులే ఇక్కడ వ్రాయుచున్నాను.

మొదట, అరుగుట యనగా నేమి? అచ్చు దెబ్బ తగిలినప్పుడు లోహము పై చర్మము మాత్రమే రూపు మారదు. అక్షరము చుట్టునున్న పల్లమందు లోహము గట్టిగ నొక్కుడుపడి, దాని లోపలి స్ఫటికముల అమరిక సైతము చెదరి, ఆ ఒత్తిడి గురుతు ఉపరితలమునకు దిగువన కొంత లోతువరకు నిలిచియుండును. కనుక అక్షరపు ఎత్తు పూర్తిగ అరిగిపోయినను దాని అడుగున నున్న లోహము చుట్టుప్రక్కల లోహమువంటిది కాదు. స్కాట్లండు శాస్త్రజ్ఞుడు డేవిడ్ బ్రూస్టర్ 1832లో ప్రకటించిన తన "సహజ ఇంద్రజాలము" అను లేఖల గ్రంథములో, నున్నగ అరిగిన పాత వెండి నాణెమును ఎఱ్ఱగ కాలిన యినుముమీద చీకటిలో నుంచినయెడల, పోయినదనుకొన్న అక్షరములు వేరు కాంతితో వెలిగి చదువుటకు వీలగునని వర్ణించినాడు. దొంగిలించిన మోటారుబండ్ల మీదను తుపాకులమీదను ఆకురాయితో రాచివేసిన సంఖ్యలను, ఆమ్లము పూసి తిరిగి తేల్చు పోలీసు ప్రయోగశాలల ఉపాయమునకు మూలసూత్రమిదియే. అయితే పాఠకుడు తన ఇంటి నాణెమును పొయ్యిలో పెట్టరాదు. చదువు దక్కినను నాణెము దక్కదు.

నాణెమును చెరుపక చదువు మార్గము వెలుగుది. మధ్యాహ్నపు టెండలో మామిడితోటలోని దున్నిన నేల చదునుగ కనబడును. సాయంకాలము పొద్దు వాలినప్పుడు అదే నేలమీద ప్రతి గడ్డయు తన ప్రక్కనే ఒక నీడను పరచుకొని తన ఎత్తును తానే చెప్పును. నాణెముమీద వెంట్రుక మందమునకు తీసిపోవు ఎత్తుమాత్రమే మిగిలియున్న అక్షరము గూడ ఇంచుమించు పడుకొనిన వెలుగులో అట్లే మాటలాడును. శాసనములు చదువువారు రాత్రివేళ లాంతరును బండ ప్రక్కన పెట్టుకొని చదువుట ఇందుకే.

దీనిని గణితముగ మార్చుటకు దారి చూపినవాడు యోహాన్ లాంబర్ట్. నిగనిగలేని ఉపరితలముపైని ఒక బిందువు ఎంత వెలుగునో, ఆ బిందువువద్ద ఉపరితలము మొగము వెలుగు దిక్కునకు ఎంత కోణముగ తిరిగియున్నదో ఆ కోణముయొక్క కొసైను నిర్ణయించునని 1760లో ఆయన చెప్పినాడు. కెమెరాను కదల్పక, దీపమును మాత్రము మూడు వేర్వేరు దిక్కులనుండి వెలిగించి మూడు ఛాయాచిత్రములు తీసినచో, ప్రతి బిందువునకును మూడు సమీకరణములు దొరకును. వానిని సాధించి ఆ బిందువు మొగము ఏ దిక్కునకు వాలియున్నదో కనుగొనవచ్చునని 1980లో రాబర్ట్ వుడ్‌హామ్ నిరూపించినాడు. ఇక 2001లో హ్యూలెట్ ప్యాకార్డ్ ప్రయోగశాలలో టామ్ మాల్జ్‌బెండర్, ఆయన తోటివారు, ఇట్టి చిత్రములను పదులకొలది తీసి, ప్రతి బిందువు ప్రకాశమును ఒక చిన్న బహుపదిగ కుదించి, కంప్యూటరు తెరమీద దీపమును వ్రేలితో జరిపినట్లు జరుపుకొనుచు వస్తువును చూచు పద్ధతిని కల్పించిరి. దలారి కాయను త్రిప్పును. ఇక్కడ కాయ కదలదు, సూర్యుడే తిరుగును.

నూజివీటిలో 2008లో ట్రిపుల్ ఐటీ వెలసినది మొదలు ఇట్టి మాటలు కాఫీహోటళ్లలో సైతము వినబడుచున్నవి. ఇంజనీరింగు చదువుచున్న మా వీధి కుర్రవాడొకడు నా బిళ్లను చూచి, "మాస్టారూ, రెండు గంటలు ఇవ్వండి, తేల్చేద్దాం" అన్నాడు. తలుపులు మూసి, నాలుగు లావుపాటి నిఘంటువుల మీద తన ఫోనును బోర్లించి, బిళ్ల ప్రక్కన తళతళలాడు నల్లని గాజుగోళీ నొకదానిని పెట్టి, టార్చిని గడియారపు ముల్లువలె చుట్టును త్రిప్పుచు ఇరువదినాలుగు చిత్రములు తీసినాడు. గోళీ యెందుకని అడిగితిని. దానిమీద మెరయు చుక్క ఎక్కడ పడినదో చూచి దీపము ఏ దిక్కున నున్నదో కంప్యూటరు లెక్కకట్టునట. ఇంత పెద్ద శాస్త్రములో గోళీకిని చోటున్నందుకు నాకు సంతోషము కలిగినది.

ఫలితముగ తెరమీదికి వచ్చినది ఛాయాచిత్రము కాదు. రాగిరంగు, పసుపుమరకలు, కుంకుమ అంటిన అంచు అన్నియు తొలగిపోయి, మిట్టపల్లములు మాత్రమే బూడిదరంగు సున్నపుబొమ్మవలె మిగిలినవి. కంటికి రంగే పెద్ద మాయ. అరిగినచోట చేరిన మురికిని మనము గీతయని భ్రమపడుదుము, గీతను మురికియని విడిచిపెట్టుదుము. ఆ మాయ పోగానే డాలులోని అడ్డగీత, పారసీలోని "చహార్" అను మాట స్పష్టముగ లేచినవి. అంకె మాత్రము లేవలేదు. కుడివైపు రెండు వంపులు ఉన్నవి. ఎడమవైపు వంపులుండవలసినచోట నేల చదును. అది మూడు కావచ్చును, లేక ఎడమప్రక్క అరిగిన ఎనిమిది కావచ్చును.

కుర్రవాడు ఓడిపోవుటకు ఇష్టపడలేదు. ఇరవై కాసుల నాణెముల చిత్రములను వందలకొలది సేకరించి, చిత్రములను గుర్తుపట్టుటకు శిక్షణ పొందు నాడీజాలము నొకదానికి నేర్పి, మా బిళ్లను దానికి చూపినాడు. అది తడవుకొనక "1808" అన్నది. కంప్యూటరు అంత ధైర్యముగ చెప్పుట చూచి నేనును నమ్మితినిగాని, పడకకుర్చీలో వాలి ఆలోచింపగా అనుమానము పుట్టినది. ఆ చిత్రములు ఎక్కడివి?

ఇక్కడ ఒక ఓడ కథ చెప్పవలెను. 1809 జనవరిలో, చెన్నపట్టణమునకు నలుబది టన్నులకు పైగా రాగి కాసులు మోసికొని బయలుదేరిన "అడ్మిరల్ గార్డనర్" అను కంపెనీ నౌక, ఇంగ్లండు కెంటు తీరమునందలి గుడ్విన్ ఇసుకదిబ్బలలో తుపానుకు చిక్కి మునిగిపోయినది. దానిలో నున్నవి 1808 నాటి పది కాసుల, ఇరవై కాసుల బిళ్లలు. 1980లలో గజయీతగాండ్రు వానిని పది లక్షలకు పైగా వెలికితీసిరి. ఒక్క సంతలోనైనను చేయి మారక, ఒక్క ఉప్పు బేరమైనను చూడక, సముద్రగర్భమున నూటడెబ్బదియేండ్లకు పైగా పడియుండిన ఆ కాసులే నేడు నాణెముల అంగళ్లలో పెరిగిపోయి, వాని చిత్రములే ఎక్కడ చూచినను దొరకుచున్నవి. కుర్రవాడు పోగుచేసిన వానిలో 1803 నాటివి వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే. ఎడమవైపు ఏమియు కనబడనప్పుడు నాడీజాలము తాను ఎక్కువగ చూచినదానినే పలికినది. అది అంకెను చదువలేదు. ఓడ మునిగిన వార్తను మనకు తిప్పి చెప్పినది.

ఈ దోషము యంత్రమునకే పరిమితము కాదు. మన సీమలో దొరకిన సీసపు నాణెములలో "సద" అని ముగియు పేరు ముక్కలుముక్కలుగ కనబడినప్పుడు, పూర్వపు పండితులలో కొందరు తమకు తెలిసిన శాతవాహనుల పేర్లలో దానిని ఇరికించుటకు యత్నించిరి. నూజివీటికి కొద్ది ఆమడల దూరముననే యున్న గుంటుపల్లి కొండమీది బౌద్ధక్షేత్రమున, మహిషకాధిపతియు మహామేఘవాహన వంశీయుడునగు మహారాజు సిరి సదయొక్క లేఖకుడు చుళగోముడు మండపమును దానము చేసినట్లు చెప్పు శాసనము బయటపడినపిమ్మట, వడ్డమానులో 1980లలో జరిగిన త్రవ్వకములందు సద రాజుల నాణెములు దొరకినపిమ్మట, అది వేరొక రాజవంశమని స్థిరపడినది. తెలిసినదానిని చూచుట కంటికి ఎంత సహజమో కంప్యూటరునకును అంతే సహజము.

ఇక ఆ కాలపు లిపి మరింత మోసకారి. బ్రాహ్మిలో నిలువుగీత, దానికి నడుమ అడ్డగీత ఉన్నచో "క". అడ్డగీత అరిగినచో మిగిలిన నిలువుగీతను "ర" అని చదువవలసివచ్చును. నిలువుగీతకు పైనను క్రిందను అడ్డుకట్టలున్నచో "ణ". పైకట్టు పోయినచో "న". "సాతకణిస" అను రాజనామములో క, ణ రెండును పక్కపక్కనే ఉన్నవి! సీసము మెత్తని లోహము. రెండు గీతలు అరుగుటకు ఎంత సేపు? పైగా శాతవాహనుల టంకశాలలలో అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. దెబ్బ ఎటు పడిన అటు అక్షరములు బిళ్ల అంచు దాటి గాలిలో ముద్రితమైపోయెడివి. పూర్తి వాక్యము గల నాణెము దొరకుట మహాభాగ్యము. 1908లో బ్రిటిష్ మ్యూజియమువారి ఆంధ్ర నాణెముల పట్టికను కూర్చిన రాప్సన్ పండితుడు, ఒక బిళ్లమీద "రఞో" అనియు, మరొకదానిమీద "పుతస" అనియు, వేరొకదానిమీద "సిరి" అనియు మిగిలిన తునకలను ప్రక్కప్రక్కన పేర్చి పూర్తి బిరుదావళిని కట్టినాడు. ఆయనకు భూతద్దము, ఓపిక, మంచి జ్ఞాపకశక్తి ఉండినవి.

నా ఉద్దేశములో కంప్యూటరు చేయదగిన పని ఇదియే. ఒక్క నాణెమును చూపి "దీనిమీద ఏమున్నది?" అని దానిని అడుగుట తప్పు ప్రశ్న. వేయి నాణెములను దాని ముందర కుప్పపోసి "వీనిలో ఏవేవి ఒక్క అచ్చు బిడ్డలు?" అని అడుగవలెను. చేతితో చెక్కిన రెండు అచ్చులు ఎన్నడును ఒక్కటిగ ఉండవు. ఏనుగు తొండము వంపులోనో, చైత్యము కమానుల ఎడములోనో తేడా ఉండితీరును. అట్టి స్థానిక చిహ్నములను, చిత్రము తిరిగినను చిన్నదైనను గుర్తుపట్టు ఉపాయమును డేవిడ్ లో అనునాయన 1999లో కనిపెట్టగా, వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయములో కాంపెల్, జాంబానినీ మున్నగువారు దానిని ప్రాచీన నాణెములకు అన్వయించిరి. అరాంజెలోవిచ్ అను పరిశోధకుడు రోమను దీనారములమీది అక్షరములను యంత్రముచేత చదివించుటకు పూనుకొనెను. ఫ్రాన్సులో కెల్టు జాతివారి నాణెముల నిధిని త్రిమితీయముగ కొలిచి, ఏవి ఒక్క అచ్చువో విడదీసిరి. ఒక్క అచ్చు బిళ్లలని తేలగానే ఒకదానిమీద అరిగినది మరొకదానిమీద నిలిచియుండవచ్చును గనుక, వానినన్నిటిని ఒకదానిపై నొకటి పరచి, రెండువేల యేండ్లనాడు పగిలిపోయిన అచ్చునే మరల చూడవచ్చును. ఒకని సాక్ష్యము చాలనప్పుడు పదిమంది సాక్ష్యము కావలెను గదా.

నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 1906లో దొరకిన పదమూడువేలకు పైబడిన వెండి నాణెముల గతి ఇంతకంటె చిత్రము. శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి క్షత్రప రాజైన నహపానుని ఓడించి, అతని నాణెములను కరగించుటకైన ఆగక, తొమ్మిదివేలకు పైగా బిళ్లల మొగముమీద తన చైత్యమును, ఉజ్జయినీ చిహ్నమును కొట్టించినాడు. క్రింద ఓడినవాని ముక్కు, పైన గెలిచినవాని ముద్ర. ఇట్టిచోట మొదట పైపొరను గుర్తించి తీసివేసి, అటుపిమ్మట అడుగుపొరను చదువవలెను. ఇది మనుష్యునకు తలనొప్పి. ఓపిక అరుగని యంత్రమునకు తగిన పని.

అరుగుదలయే ఒక లిపి యని గ్రహించిన మహనీయుడు మన దేశమునందే ఉండెను. గణితవేత్త దామోదర ధర్మానంద కోశాంబి 1940లలో తక్షశిల నిధులలోని విద్ధాంక (గుద్దిన ముద్రలుగల) నాణెముల బరువులు తీసికొని, చేతులు మారినకొలది నాణెము బరువు తగ్గుననియు, ఒక్కరీతిగ చెలామణియైన నాణెముల బరువులను గణాంకశాస్త్రముతో పరిశీలించినచో వానిలో ఏవి ముందువో ఏవి వెనుకవో తెలియుననియు చూపినాడు. సూత్రము సరిగ నున్నదో లేదో చూచుటకు తన కాలపు చిల్లర నాణెములను సైతము వేలకొలది తూచినాడు. బొమ్మ పోయినను, బొరుసు పోయినను, పోయినంత మేర గూడ ఒక కొలతయే.

ఈ సంగతి చదివి నేను గూడ మా బిళ్లను కంసాలి త్రాసులో తూయించితిని. అచ్చయిననాడు తొమ్మిది గ్రాములకు పైన ఉండవలసినది ఏడున్నరకు దిగినది. ఎన్ని సంతలు తిరిగినదో, ఎన్ని కావిళ్ల మామిడిపండ్లకు చెల్లినదో అని ఊహించుకొనుచు మురిసిపోవుచుండగా మా అత్త నవ్వి, "సంతలేంట్రా! ప్రతి శుక్రవారం మీ నాయనమ్మ చింతపండు, బూడిద వేసి తళతళా తోమేది. నేనూ తోమాను" అన్నది. కోశాంబి లెక్కకు చింతపండు సంగతి తెలియదు. ఎడమవైపు వంపులను ఏ శుక్రవారము తుడిచివేసినదో, అసలు అవి ఉన్నవో లేవో, ఇక ఏ దీపమును చెప్పలేదు. కుర్రవాడు కంప్యూటరులో పెట్టుకొన్న పట్టికలో ఆ నాణెము తేదీ "1803 లేక 1808" అని ఉన్నది. ఆ "లేక"ను వ్రాయించుటకు నేను వానితో అరగంట వాదింపవలసివచ్చినది.

కావున తోట దున్నునప్పుడో, బావి పూడిక తీయునప్పుడో పాత నాణెము దొరకినవారికి నా మనవి. దానిని తోమవద్దు; చింతపండు, నిమ్మరసము, ఇటుకపొడి, పండ్లపొడి ఏదియు తాకింపవద్దు. అంటిన మట్టితోనే కాగితములో చుట్టి, దొరకినచోటు, లోతు, తేదీ వ్రాసిపెట్టుడు. దానితోపాటు మరి యేమి దొరకినను వేరుచేయవద్దు. 1878 నాటి నిధి నిక్షేపముల చట్టము ప్రకారము పదిరూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరకినప్పుడు కలెక్టరునకు తెలియజేయవలెను.